పిల్లల పాట - సభాధైర్యము

గోదావరి సీమ పల్లెలలో శ్రీరామనవమి పందిరియైనను, పాఠశాల వార్షికోత్సవమైనను పిల్లల పాట లేనిదే నిండుదనము రాదు. ఇంటిలో హాయిగా పాడిన బిడ్డ వేదిక నెక్కగానే గొంతు పెగలక నిలిచిపోవుటయు మనము చూచుచునే యున్నాము. కొందఱు నవ్వుదురు, కొందఱు గద్దింతురు. ఆ ఒక్కనాటి అవమానముతో పాటకే దూరమైన పిల్లలు కలరు. సభాకంపము బిడ్డ దోషము కాదు. తగిన అలవాటు లేకపోవుటయే దానికి కారణము.

శ్రీ మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో కోనసీమలోని శంకరగుప్తమున జన్మించిరి. ఎనిమిదేండ్ల వయస్సుననే విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములందు పూర్తి కచేరీ చేసిరి. ఆ ప్రతిభ అసామాన్యము. అయినను పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి కడ శిక్షణ పొందిన పిదపనే వారు ఆ సభ నెక్కిరి. అట్టివారికే సాధన ఆవశ్యకమైనపుడు సామాన్య బాలబాలికలకు వేఱుగ చెప్పవలయునా?

మొదటిది శ్రుతి. పెద్దల శ్రుతిని పిల్లలపై రుద్దరాదు. పాటలోని మిక్కిలి హెచ్చు స్వరమును, మిక్కిలి తగ్గు స్వరమును ముందుగా పాడించి, రెండును శ్రమ లేక పలికిన శ్రుతినే నిర్ణయింపవలెను. గొంతు మాఱు వయస్సులోని మగపిల్లలను హెచ్చు స్థాయికై బలవంతపెట్టరాదు.

రెండవది సాహిత్యము. అర్థము తెలిసిన పాట త్వరగా మఱపు రాదు. ప్రతి చరణపు తొలి మాటను విడిగా వల్లె వేయింపవలెను. తడబడినచో ఆగిపోక, పల్లవి నందుకొని సాగుటయు నేర్పవలెను.

మూడవది సభ. ముందు ఇంటివారి యెదుట, పిదప అరుగుపై ఇరుగుపొరుగువారి యెదుట, అటుపై తరగతిలోను, రామాలయ భజనలోను పాడింపుడు. వినువారు కొద్దికొద్దిగా పెరిగినచో బెదురు కొద్దికొద్దిగా తగ్గును. మిక్కిలి జంకు గల బిడ్డను మొదట బృందగానమున చేర్చుట మేలు. ఉత్సవమునకు ముందురోజు ఖాళీ వేదికపై నిలిపి, మైకుకు జానెడు దూరమున ఒకసారి పాడింపుడు. పాదములు రెండును సమముగా ఆనించి, భుజములు సడలించి, నెమ్మదిగా ఊపిరి తీసికొని ఆరంభించుట అలవాటు చేయుడు.

పాట ముగియగానే తప్పులెన్నకుడు. ఆనాడు మెచ్చుకొని, మఱునాడు ఏకాంతమున దిద్దుడు. నేడు నలుగురిలో జంకక పాడిన బాలిక రేపు గ్రామసభలో తన మాటను నిలిచి చెప్పగలదు.