మస్టాంగ్ కొనేముందు అడుగుభాగం చూడండి

ప్రశ్న: మాది శామీర్‌పేట. 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ అమ్మకానికి ఉంది. కొని, రోజూ మేడ్చల్‌లో ఆఫీసుకు తీసుకెళ్లొచ్చా అండీ?

జవాబు: వింటేజ్ కింద నమోదైతే రోజూ తిప్పడానికి వీల్లేదు. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, పెట్రోలు, మరమ్మతుల కోసమే రోడ్డెక్కించాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది.

ముందు కాగితాలు చూడండి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో, దిగుమతి పత్రాలతో కలవకపోతే బేరమే వద్దు.

తర్వాత తుప్పు. ఈ కారుకు విడి ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీయే బలం. అందుకే మెరిసే పెయింటును నమ్మకండి. బండిని లిఫ్టుపై ఎక్కించి ఫ్లోరు, అడుగు రెయిల్స్ సుత్తితో తట్టి చూడండి. ముందు అద్దం కింద గాలి జాలీలో బకెట్ నీళ్లు పోయండి. లోపల కాళ్ల దగ్గర కారితే పెద్ద వెల్డింగ్ పనే.

ఇప్పటి ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది, అన్నీ మార్పించండి. 1966 మోడల్‌లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే సర్క్యూట్. ఒక్కచోట లీకైతే పెడల్ మొత్తం పోతుంది. రాజీవ్ రహదారి ఎక్కేముందు డ్యూయల్ మాస్టర్ సిలిండర్ వేయించండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.