ఆవిరి ఇస్త్రీపెట్టె: దాని వినియోగము

బట్టలపై నీళ్లు చిలకరించి, చుట్టగా చుట్టి, కొంతసేపైన పిదప బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దుట మన యిండ్లలో చిరకాలముగా నున్న పద్ధతి. తడి తగిలినగాని నూలుబట్ట ముడుత విడువదని మన పెద్దలెఱుగుదురు. నూలుపోగులందలి అణువుల బంధములను నీరును వేడియు సడలించును. బట్ట చదునుగా నుండి ఆఱినచో నా బంధములు ఆ రూపముననే మరల కుదురుకొనును. ఆవిరి ఇస్త్రీపెట్టెయు నీ సూత్రముననే పనిచేయుచున్నది.

విద్యుత్తుతో కాగు ఇస్త్రీపెట్టెకు 1882లో న్యూయార్కు నగరమున హెన్రీ సీలీ పేటెంటు పొందెను. ఆవిరిని వెలువరించునవి 1926లో అచ్చటనే అమ్మకమునకు వచ్చెను. తొట్టినుండి బొట్లుగా జారిన నీరు కాగిన లోహముపై బడి ఆవిరియై, అడుగుపలక రంధ్రములగుండ బట్టలోనికి జొచ్చును.

పెట్టెను సిద్ధపఱచు క్రమ మిది. ప్లగ్గు తీసియున్నప్పుడే గుర్తుగీటువఱకు నీరు పోయవలెను. పిదప పెట్టెను నిలువుగా నిలిపి, మూడు కాళ్ల ప్లగ్గును సాకెట్టున నమర్చవలెను. మూడవ కాలు భూమితీగకు సంబంధించినది. దానిని విఱిచి వాడుట ప్రాణాపాయకరము. 1,600 వాట్ల పెట్టె 230 వోల్టులవద్ద సుమారు 7 ఆంపియర్లను గ్రహించును గనుక, 6 ఆంపియర్ల సాకెట్టు చాలదు. 16 ఆంపియర్లది వలయును. తిరుగుడు బిళ్లపై ఒక చుక్క నైలానునకు, రెండు చుక్కలు పట్టునకు, ఉన్నికి, మూడు చుక్కలు నూలునకు గుర్తులు. వేడి చాలకమునుపే ఆవిరి మీట త్రిప్పినచో, నీరు బొట్లుగా కారి బట్టపై మరకలు పడును. వెంకటగిరి చీర జరీని తిరుగవేసి, పైన పలుచని బట్ట కప్పి, తగ్గువేడితోనే రుద్దవలెను.

ఇక నీటి సంగతి. పులికాటు సరస్సునకు చేరువనున్న మన చిట్టమూరు ప్రాంతమువారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. తీరప్రాంతపు బావినీటిలో పలుచోట్ల ఉప్పును సున్నపు పదార్థములును కరగియుండును. నీరు ఆవిరియై పోవును. అవి మాత్రము లోపల పేరుకొని రంధ్రములను మూసివేయును. కాచినంతమాత్రమున ఉప్పు పోదు. విద్యార్థులారా! స్టీలు పళ్లెములో నాలుగు చుక్కల నీరు ఎండనిచ్చి చూడుడు: తెల్లని మచ్చ మిగిలినచో నా నీరు పెట్టెకు తగదు. డిస్టిల్డు వాటరును, పెట్టెతో వచ్చిన సూచనల ననుసరించి, వాడవలెను. పని ముగిసిన వెంటనే ప్లగ్గు తీసి, పెట్టె చల్లారిన పిదప తొట్టిని ఖాళీ చేయవలెను.

తల్లిదండ్రులకు మేము చేయు విన్నప మొకటి గలదు. ఒక గ్రాము ఆవిరి నీరుగా మాఱునప్పుడు సుమారు 540 కేలరీల వేడిని విడుచును. ఆవిరివలని గాయము మఱిగిన నీటి గాయముకంటె తీవ్రమగుట కిదియే హేతువు. వ్రేలాడు తీగను చిన్నపిల్లలు లాగినచో పెట్టె మీద పడును. కావున తీగను బల్ల అంచున వ్రేలాడనీయరాదు. పెట్టెను విడిచి పోరాదు. ఒకవేళ చేయి కాలినచో సిరాగాని పేస్టుగాని పూయక, 20 నిమిషములు చల్లని పాఱునీటి క్రింద నుంచి, గాయము పెద్దదైన వైద్యునివద్దకు కొనిపోవలెను. చక్కని బట్టకంటె పిల్లవాని చేయి విలువైనది గదా!