బొడ్డుత్రాడు తెగిన తరువాత

నాలుగు కిలోల బిడ్డ పుడితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. దృష్టి తగులుతుందని పెద్దలు బుగ్గన చుక్క పెడతారు. కాని ఆ బొద్దుతనం అన్నివేళలా ఆరోగ్యానికి గుర్తు కాదు. తల్లికి మధుమేహం ఉన్నట్లయితే, అటువంటి బిడ్డకు పుట్టిన మొదటి గంటలలోనే ప్రమాదం పొంచి ఉండవచ్చు. విచిత్రమేమంటే, తల్లి రక్తంలో చక్కెర పెరగడమే బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవడానికి కారణమవుతుంది.

ఈ వైరుధ్యాన్ని డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950 దశకంలో వివరించాడు. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ గుండా గర్భస్థ శిశువును చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. అధికంగా వచ్చిపడే చక్కెరను వినియోగించుకోవడానికి శిశువు క్లోమగ్రంథి తానే ఎక్కువ ఇన్సులిన్ ఉత్పత్తి చేస్తుంది. దానివల్ల శిశువు శరీరంలో కొవ్వు పేరుకొని బరువు పెరుగుతుంది. కాన్పు కాగానే బొడ్డుత్రాడు తెగుతుంది, చక్కెర సరఫరా ఆగిపోతుంది. కాని ఇన్సులిన్ ఉత్పత్తి వెంటనే తగ్గదు. సాధారణంగా ఒకటి రెండు గంటలలో చక్కెర అట్టడుగుకు దిగజారుతుంది.

కనుక బిడ్డ రక్షణ తల్లి పురుటినొప్పులతోనే ప్రారంభం కావాలి. నొప్పుల సమయంలో గర్భాశయ కండరాలు తీవ్రంగా శ్రమిస్తాయి. తల్లి ఆహారం తీసుకోదు. ఇన్సులిన్ అవసరం మారిపోతుంది. అందుచేత గంటకో, రెండు గంటలకో ఆమె రక్తాన్ని పరీక్షించి, 100 మిల్లీలీటర్లలో చక్కెర సుమారు 70 నుండి 110 మిల్లీగ్రాముల మధ్య ఉండేటట్లు చూస్తారు. అవసరాన్నిబట్టి రక్తనాళం ద్వారా గ్లూకోజును, ఇన్సులిన్‌ను ఎక్కిస్తారు. మాయ పడిన వెంటనే తల్లికి ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోతుంది. పాత మోతాదునే కొనసాగిస్తే ఆమెకూ ప్రమాదమే.

బిడ్డలో చక్కెర తగ్గితే వణుకు, మగత, పాలు సరిగా చప్పరించకపోవడం, మేను నీలివర్ణం దాల్చడం, మూర్ఛ వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఒక్కొక్కసారి ఏ లక్షణమూ కనిపించదు. అందుకే మడమ నుండి ఒక్క చుక్క రక్తం తీసి పరీక్షించడం తప్పనిసరి. సాధారణంగా 45 మిల్లీగ్రాములకు తగ్గితే చికిత్స అవసరమని భావిస్తారు. తీవ్రమైన లోపాన్ని ఎక్కువసేపు ఉపేక్షిస్తే మెదడుకు హాని కలుగుతుంది.

దీనికి మొదటి ఔషధం తల్లి వద్దనే ఉన్నది. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచాలి. చలికి గురైన శిశువు దేహం వేడికోసం ఉన్న కొద్దిపాటి చక్కెరనూ ఖర్చు చేసుకుంటుంది. ముర్రుపాలు పిండి పారబోసి తేనెనో, పంచదార నీళ్లనో నాకించే ఆచారం అనేక ప్రాంతాలలో ఉన్నది. అది బిడ్డకు అందవలసిన ఆహారాన్ని దూరం చేయడమే. పాలతో చక్కెర పెరగకపోతే వైద్యులు నరం ద్వారా గ్లూకోజు ఇస్తారు. చాలామంది శిశువులు ఒకటి రెండు రోజులలో కుదుటపడతారు.

అయితే తల్లికి మధుమేహం ఉన్నదని ముందుగా తెలిసినప్పుడే ఈ జాగ్రత్తలన్నీ సాధ్యం. గర్భధారణలో మొదలయ్యే మధుమేహం తరచు ఏ బాధా కలిగించదు. భారత ప్రభుత్వం 2014లో జారీ చేసి, 2018లో సవరించిన మార్గదర్శకాలు ప్రతి గర్భిణికీ పరీక్ష అవసరమన్నాయి. 75 గ్రాముల గ్లూకోజును నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత రక్తాన్ని పరీక్షిస్తారు. 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. మొదటి సందర్శనలో ఒకసారి, లేనిచో 24-28 వారాల మధ్య మరొకసారి ఈ పరీక్ష జరుపుతారు. పరగడుపున రానక్కరలేదు. హిమాలయ సానువులలోని పల్లె నుండి నడిచివచ్చే స్త్రీకీ, గోదావరి లంకల నుండి పడవలో వచ్చే స్త్రీకీ ఇది ఒక్క రాకతో ముగిసే పని. వ్యాధి బయటపడినా, చాలామందికి ఆహార నియమం, తగిన వ్యాయామం సరిపోతాయి. మిగిలినవారికి మందులు అవసరమవుతాయి.

కాన్పైన ఆరు వారాలకు తల్లి తిరిగి పరీక్ష చేయించుకోవాలి. మున్ముందు ఆమెకు మధుమేహం స్థిరపడే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. బిడ్డను చూడవచ్చిన బంధువులు తల్లి పరీక్ష సంగతి కూడా అడిగి గుర్తుచేస్తే, ఆ ఇంటికి అంతకుమించిన మేలు లేదు.