నాలుకకు కళ్లెము
పాఠ్యభాగము: యాకోబు 3:1-12



గుఱ్ఱపు నోటి కళ్లెము, ఓడ చుక్కాని చిన్నవే. అయినను అవి త్రిప్పిన వైపునకే గుఱ్ఱమును ఓడయు సాగును. నాలుకయు అట్టిదేనని యాకోబు బోధించుచున్నాడు. ఒకే నోట దేవునికి స్తుతి, తోటి మనుష్యునికి శాపము రాకూడదని హెచ్చరించుచున్నాడు.

ఈ తప్పు మనలో లేదా? ఆదివారము ఆరాధనలో కీర్తనలు పాడుదుము. ఇంటికి వచ్చి భోజనమునకు కూర్చుండగానే సంఘ పెద్దను గూర్చియో, తోటి సహోదరిని గూర్చియో తప్పులెన్నుదుము. పిల్లలు రెండును విందురు. పరభాషా ప్రాంతములో స్థిరపడిన మన పిల్లలలో అనేకులకు తెలుగు బడి లేదు. ఇల్లు, సంఘము, ఈ రెండే వారికి తెలుగు నేర్పుచున్నవి. మన నోట వారు నేర్చుకొనునది ప్రార్థనయా, నిందయా?

కొద్ది కుటుంబములే గల సంఘములో ఒక్క మాటకు ఒక కుటుంబము దూరమైనచో, వారు కూడుకొనుటకు దగ్గరలో మరియొక తెలుగు సంఘము ఉండకపోవచ్చును.

కాబట్టి మూడు సంగతులు అభ్యసింతము.

1. ప్రతి ఉదయము కీర్తన 141:3 చదివి, ఆ ప్రార్థన మనము చేయుదము.

2. సహోదరుని తప్పు కనబడినయెడల, మత్తయి 18:15 ప్రకారము మొదట అతనితోనే ఒంటరిగా మాటలాడుదము.

3. నొప్పించు మాట పలికినచో ఆ దినముననే క్షమాపణ అడుగుదము. పిల్లల యెదుట పలికినది పిల్లల యెదుటనే ఒప్పుకొందము.

ఇది స్వశక్తితో అగునది కాదు. ఆశానిగ్రహము ఆత్మ ఫలములో ఒకటి (గలతీ 5:22, 23). ఫలము దినదినము ఎదుగును. ఆమేన్.