వసంత కాలం – మన ఊరి ఆటలు

 

చైత్ర, వైశాఖ మాసాలు వసంత ఋతువు. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో వేప పూత, మామిడి పిందెలు, జీడిపళ్ళు, తాటి ముంజలు అన్నీ ఈ రోజుల్లోనే వస్తాయి. ఒంటిపూట బడులు పెడతారు. పరీక్షలు ముగియగానే మనం పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు వెళ్తాము. ఈ సెలవుల్లో ఆడే ఆటలను చాలామంది కాలక్షేపం అనుకుంటారు. కానీ ఆటలో చదువు ఉంది, ఆరోగ్యం ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా సమానత్వం ఉంది. ఖర్చు లేకుండా ఇంటిల్లిపాదీ ఆడుకోదగిన కొన్ని ఆటలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

1. తోటలు ఇచ్చే ఆటలు

పలాస, ఉద్దానం వైపు నుంచి వచ్చిన వారికి జీడిపిక్కలాట గురించి చెప్పనక్కరలేదు. నేల మీద గీత గీసి పిక్కలను వరసగా నిలబెడతారు. దూరం నుంచి ఒక పెద్ద పిక్కతో గురి చూసి కొడతారు. పడినవి కొట్టినవారివి. గురి, దూరం అంచనా, ఓపిక ఈ ఆటతో అలవడతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు కూలిపోయాయి. తోట పోతే రైతుకు ఆదాయమే కాదు, పిల్లలకు నీడా, ఆటా కూడా పోతాయి. అందుకే ఒక్కొక్కరం ఒక మొక్క నాటితే మన తరువాతి పిల్లలకు ఆ ఆట మిగులుతుంది.

ఒక హెచ్చరిక: పచ్చి పిక్కను పళ్ళతో కొరకరాదు. దాని పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

తాటి ముంజలు తిన్నాక ఆ కాయలను పారవేయకండి. రెండు కాయలకు మధ్యలో ఒక కర్ర గుచ్చితే ఇరుసు, చక్రాలు తయారు. పంగల కర్రతో నెడితే బండి పరుగెడుతుంది. సామాన్య శాస్త్రంలో చక్రం, ఇరుసు, ఘర్షణ అని చదివే పాఠం ఇదే. ఇరుసు పంగకు రాసుకునే చోట కర్రను నున్నగా చెక్కితే బండి ఎందుకు తేలికగా నడుస్తుందో తమ్ముళ్ళను అడిగి చూడండి. జవాబు వాళ్ళే చెబుతారు.

2. వీధి ఆటలు

కర్రాబిళ్ళలో బిళ్ళ కొసలు సన్నగా చెక్కి ఉంటాయి. కొస మీద కొట్టగానే బిళ్ళ గాలిలోకి లేస్తుంది, అప్పుడు రెండో దెబ్బ కొట్టాలి. పడిన దూరాన్ని కర్రతోనే కొలుస్తారు. ఏడు పెంకులాటలో గుడ్డ బంతితో పెంకుల దొంతరను పడగొట్టి, ఎదుటి జట్టు బంతితో కొట్టేలోగా మళ్ళీ పేర్చాలి. ఒక్కడు ఎంత చురుకైనా గెలవలేడు. ఒకరు పేరుస్తుంటే మిగతావారు బంతిని తమ వైపు మళ్ళించాలి. తొక్కుడు బిళ్ళలో ఒంటికాలి మీద నిలకడ వస్తుంది. మన చెడుగుడే కబడ్డీగా 1990లో బీజింగ్ ఆసియా క్రీడలకు చేరింది. మన వీధి ఆట చిన్నది కాదని దీనివల్ల తెలుస్తోంది.

3. అరుగు మీద ఆటలు

ఎండ ముదిరిన మధ్యాహ్నం వేళ అమ్మమ్మతో, అమ్మతో, అప్పతో కూర్చుని ఆడే ఆటలు ఇవి.

వామనగుంటలు: ఏడేసి గుంటలు రెండు వరసలు, మొత్తం 14. గుంటకు ఐదు చింతపిక్కలు వేసి ఆడితే 70 పిక్కలు. ఆట ఎంత దూరం సాగినా గుంటల్లోవీ, గెలుచుకున్నవీ కలిపితే 70 రావాలి. రాకపోతే ఎవరో తొండి చేసినట్టే! చిన్నపిల్లలకు కూడిక, తీసివేత నేర్పడానికి ఇంతకన్నా మంచి పలక లేదు.

అష్టాచెమ్మా: గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలను ఒకవైపు బండ మీద అరగదీస్తే తెల్లగా అవుతాయి. నాలుగూ తెలుపు పడితే చెమ్మా అంటే నాలుగు, నాలుగూ నలుపు పడితే అష్టా అంటే ఎనిమిది. పిక్కకు రెండు వైపులూ సమానంగా పడే అవకాశం ఉందనుకుంటే, నాలుగు పిక్కలు పడే విధాలు 16. వాటిలో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1. అందుకే రెండు తరచుగా పడుతుంది, అష్టా కోసం ఎదురుచూడాలి. పదో తరగతి వారు 160 సార్లు వేసి కాగితం మీద రాసుకోండి. సుమారు 60 సార్లు రెండు పడాలి. మీ పిక్కలతో లెక్క బాగా తేడా వస్తే, ఏ పిక్క ఒక వైపుకే ఎక్కువ ఒరుగుతోందో వెతకండి. సంభావ్యత పాఠం ఇంక మరిచిపోరు.

పులి–మేక: పులులు మూడు, మేకలు పదిహేను. ఒంటరిగా దొరికిన మేకను పులి దూకి చంపుతుంది. వెనుక ఇంకో మేక నిలబడి ఉంటే పులి దూకలేదు. మేకలన్నీ కలిసి నిలబడితే పులికి కదిలే చోటే ఉండదు. బలహీనులకు ఐకమత్యమే బలమని ఈ ఆట చెప్పినంత తేలికగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

4. బలానికి పుట్టినిల్లు

సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు మన పల్లెలకు కొత్త కాదు. కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడుగారిది వీరఘట్టం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరిగారు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమే. కాబట్టి సెలవుల్లో అన్నదమ్ములు వీధిలో ఆడుతుంటే, అక్కచెల్లెళ్ళు అంట్లు తోముతూ ఉండడం న్యాయం కాదు. నీళ్ళు మోయడం, ఊడవడం అందరూ పంచుకుంటే అందరికీ ఆడే సమయం దొరుకుతుంది.

5. ఆటలో అందరూ సమానం

ఏప్రిల్ 5న బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, 11న మహాత్మా జ్యోతిబా ఫూలే జయంతి, 14న డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ జయంతి. ఇవి కూడా వసంతంలోనే వస్తాయి. చిన్ననాడు బడిలో విడిగా గోనె మీద కూర్చున్న బాలుడే అంబేద్కర్. పల్వంకర్ బాలూ అనే దళిత క్రికెటర్‌కు పూనాలో తోటి ఆటగాళ్ళు టీ విడిగా ఇచ్చేవారు. ఆయనే 1911లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీశారు. బంతికి కులం తెలియదు.

మన ఊళ్ళలో ఈనాటికీ పేటకో జట్టు కడతారు. అలా కాక, ఏప్రిల్ 14 సాయంత్రం ఊరిలోని పిల్లలందరినీ పిలిచి, పేర్లు చీటీల మీద రాసి, చీటీలు తీసి జట్లు కట్టండి. పక్క పేటవాడితో కలిసి ఏడు పెంకులు పేర్చినవాడు, ఆ తర్వాత అతన్ని పరాయివాడని అనుకోవడం కష్టం.

6. జాగ్రత్తలు

* ఉదయం పది గంటల లోపు, సాయంత్రం నాలుగు తర్వాతే ఎండలో ఆడాలి. చోడి అంబలి, మజ్జిగ తాగాలి. వడదెబ్బ తగిలితే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడిచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయరాదు.
* నాగావళి, వంశధార, చంపావతి నదుల్లో ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. పెద్దలు లేకుండా దిగవద్దు. ఎవరైనా మునుగుతుంటే, ఈత బాగా రానివారు దూకకుండా తాడు, చీర, పొడవాటి కర్ర అందించి కేకలు వేయాలి.
* కర్రాబిళ్ళ ఆడేటప్పుడు చిన్నపిల్లలను దూరంగా నిలబెట్టాలి. కంటికి తగిలితే జీవితాంతం బాధ.

7. మనం చేయవలసినది

వేసవిలో పనికి కుదిరి, జూన్‌లో హాస్టల్‌కు తిరిగి రాని మిత్రులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మంచం ఖాళీగా ఉంటే మాకు బాధగా ఉంటుంది. ఊరిలో సాయంత్రం ఆట ఉంటే పిల్లలు రోజూ ఒకచోట కలుస్తారు. ఎవరు రాలేదో ఆ రోజే తెలుస్తుంది. వాళ్ళ ఇంటికి వెళ్ళి అడగవచ్చు, పెద్దలకు చెప్పవచ్చు. పూర్వ విద్యార్థులు తమ ఊరి ఆటస్థలానికి ఒక బంతి, ఒక వల ఇచ్చినా, సాయంత్రం ఒక గంట పిల్లలతో గడిపినా ఎంతో మేలు.

సెలవుల్లో ప్రతి ఒక్కరూ మీ అమ్మమ్మ, తాతయ్యలను అడిగి ఒక పాత ఆట నేర్చుకుని, దాని నియమాలు రాసుకుని రండి. బడులు తెరిచాక వాటన్నిటినీ మన హాస్టల్ ఆవరణలో కలిసి ఆడుదాం. అందరూ రావాలి. ఒక్క మంచం కూడా ఖాళీగా ఉండకూడదు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ హాస్టల్ విద్యార్థులు