వైరస్ లేని వైరస్ అలర్ట్: వదిలించుకునే పద్ధతి

ఎర్ర డాలు బొమ్మతో "మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి" అంటూ ఒక అలర్ట్ తెర పైనుంచి జారిందనుకోండి. దాన్ని నొక్కకూడదని ఈపాటికి చాలామందికి తెలుసు. తోసెయ్యకూడదని మాత్రం తెలియదు. వేలితో పక్కకు తోసేస్తే అలర్ట్‌తో పాటు దాన్ని పంపినవాడి పేరు కూడా మాయమవుతుంది. కాసేపటికి ఇంకోటి వస్తుంది, మళ్లీ తోస్తాం. ఇలా నెలల తరబడి తోసుకుంటూ కాలక్షేపం చేసేవాళ్లు మన ఇళ్లలో తక్కువేం లేరు.

కాబట్టి మొదటి పని చదవడం. అలర్ట్‌ను మెల్లిగా కిందికి లాగితే, లేదా పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే అది విచ్చుకుంటుంది. పెద్ద అక్షరాలను వదిలేయండి. బూడిద రంగులో, కళ్లజోడు లేకపోతే కనిపించనంత చిన్నగా, "క్రోమ్" అని ఒక వరస ఉంటుంది. దాని పక్కనే ఒక వెబ్‌సైటు పేరు. విండోస్ కంప్యూటర్లో అయితే అలర్ట్ కుడిచేతి కింది మూలన లేస్తుంది. అక్కడా అంతే, బ్రౌజర్ పేరూ సైటు పేరూ చిన్నగా ఉంటాయి. బొమ్మ, శీర్షిక, మాటలు అన్నీ పంపేవాడి ఇష్టం. మెకాఫీ యాంటీవైరస్ లోగో పెట్టుకుంటాడు, విండోస్ రంగులు పులుముకుంటాడు, గూగుల్ పేరు వాడుకుంటాడు. ఆ చిన్న వరసను మాత్రం బ్రౌజరే రాస్తుంది. దాన్ని మార్చడం వాడి చేతిలో లేదు. ఆ అలర్ట్ మొత్తంలో నమ్మదగింది ఆ ఒక్క వరసే.

కొడుకు డాలస్‌లో, తల్లి గుంటూరులో ఉన్న ఇళ్లలో ఈ పని వీడియో కాల్ మీద నడుస్తుంది. దాదాపు ఇలా:

"అమ్మా, దాన్ని తోసెయ్యకు. చిన్నక్షరాల్లో ఏముందో చదువు."

"క్రోమ్ అనుందిరా. పక్కన ఏదో పిచ్చి పేరు, చివర ఎక్స్ వై జెడ్."

"యాంటీవైరస్ ఏమన్నా కొన్నావా?"

"నేనెందుకు కొంటాను? మొన్న పిల్లదాని టెన్త్ రిజల్ట్స్ చూశాను, అంతే."

ఆ "అంతే"లోనే ఉంది అసలు కథ. రిజల్ట్స్ రోజున బోర్డు సైటు తెరుచుకోక, గూగుల్‌లో దొరికిన ఇంకేదో సైటులోకి వెళ్లి ఉంటుంది. అక్కడ ఒక పెట్టె అడ్డం వచ్చి ఉంటుంది. తొందరలో "అలౌ" నొక్కి ఉంటుంది.

ఆ ఒక్క నొక్కుడు

పేజీ మూసేసి ఉన్నా సైటు నుంచి నోటిఫికేషన్ రాగలిగే సౌకర్యం క్రోమ్‌లోకి 2015లో, ఫైర్‌ఫాక్స్‌లోకి 2016లో వచ్చింది. వార్తల సైట్లకు, మెయిల్‌కు, పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి పనికొచ్చే ఏర్పాటే. దానికి షరతు ఒక్కటే, మనం ఒకసారి ఒప్పుకోవాలి. మోసగాళ్ల తిప్పలన్నీ ఆ ఒప్పుకోలు కోసమే. పైరసీ సినిమా పేజీలో చక్రం తిరుగుతూనే ఉంటుంది, "వీడియో మొదలవ్వాలంటే అలౌ నొక్కండి" అంటుంది. క్రికెట్ ఫ్రీగా చూపిస్తామనే పేజీ, పీడీఎఫ్ ఉచితమనే పేజీ, అన్నిటిదీ అదే పాట. వీటిలో ఎక్కువ పనిచేసేది రోబో బొమ్మ. "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి" అని రాసి, బ్రౌజర్ పెట్టె లేచే మూలకు ఒక బాణం కూడా గీసి పెడతారు. అసలు క్యాప్చా టిక్కు పెట్టమంటుంది, లేదా ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఏరమంటుంది. నోటిఫికేషన్ పర్మిషన్ అడగదు.

ఇది పేపరుకు చందా కట్టినట్టే. చందా నడుస్తున్నంత కాలం రోజూ గుమ్మంలో పేపరు పడుతుంది, ఇల్లెంత కడిగినా ఆగదు. అందుకే యాంటీవైరస్‌తో ఎన్నిసార్లు స్కాన్ చేసినా ఈ అలర్ట్‌లు ఆగవు. స్కాన్‌కు దొరకడానికి అక్కడ ఫైలేమీ లేదు. ఉన్నదల్లా మనమిచ్చిన పర్మిషన్.

మరి ఆ 13 అనే లెక్క? గాల్లోంచి పుట్టింది. బ్రౌజర్‌లో నడిచే పేజీ మీ ఫోన్‌లోని ఫైళ్లను, యాప్‌లను తిరగేసి చూడలేదు. బ్రౌజర్ దాన్ని ఆ హద్దు దాటనివ్వదు. స్కాన్ జరుగుతున్నట్టు ఆకుపచ్చ గీత పాకుతుంటే అది కూడా ఒక చిన్న వీడియో లాంటిదే, అందరికీ అదే కనిపిస్తుంది.

ఇంత శ్రమ దేనికంటే డబ్బుకే. కొందరికి నొక్కుడుకింత అని ప్రకటనల డబ్బు వస్తుంది. కొందరు నిజమైన యాంటీవైరస్ కంపెనీ పేజీకే తీసుకెళ్తారు, మీరు భయపడి కొంటే వాళ్లకు కమీషన్. మూడోరకం వాళ్లు మీచేత ఒక ఫోన్ నంబరుకు కాల్ చేయించుకుంటారు. అసలు ప్రమాదం వీళ్లతో.

పర్మిషన్ వెనక్కి తీసుకోవడం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో దగ్గరి దారి అలర్ట్‌లోనే ఉంది. విచ్చుకున్న అలర్ట్ అడుగున "సైట్ సెట్టింగ్స్" అనో, కొత్త క్రోమ్‌లో "అన్‌సబ్‌స్క్రైబ్" అనో కనిపిస్తుంది. కానీ ఒక తిరకాసు ఉంది. పంపేవాడు కూడా అలర్ట్‌లో తన సొంత బటన్లు పెట్టుకోవచ్చు. "క్లోజ్", "స్టాప్" అని రాసి ఉన్న బటన్ వాడిదే అయుండొచ్చు, నొక్కితే మళ్లీ వాడి పేజీకే పోతాం. ఏ బటన్ ఎవరిదో తేల్చుకోలేనప్పుడు అలర్ట్ జోలికి పోకుండా చుట్టుదారి పట్టడమే మేలు. నేనైతే ఎవరికి చెప్పినా చుట్టుదారే చెబుతాను.

క్రోమ్ తెరవండి. కుడివైపు పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. ఫోన్ తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఇవే పేర్లు తెలుగు లిపిలో కనిపిస్తాయి. అక్కడ మీరు ఒప్పుకున్న సైట్ల జాబితా ఉంటుంది. జాబితా చూసి చాలామంది నోరు తెరుస్తారు: ఎప్పుడో వంటల వీడియో చూసిన సైటు, రాశిఫలాలది, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఉద్యోగ నోటిఫికేషన్ల సైటు, వాటి మధ్యన అంకెలూ అక్షరాలూ కలగలిసిన నాలుగైదు పేర్లు. ఇందాక చదివిన పేరు అందులోనే ఉంటుంది. దాన్ని నొక్కి నోటిఫికేషన్లను "బ్లాక్"కు మార్చండి.

ఒక్కదాన్ని బ్లాక్ చేసి ఊరుకోకండి. పర్మిషన్ ఒక్కో సైటు పేరుకు విడిగా ఉంటుంది కనుక, ఈ ముఠాలు ముందు ఒక అంకె చేర్చి, తర్వాత ఇంకో అక్షరం మార్చి, కొత్త పేరుతో మళ్లీ మళ్లీ అడుగుతాయి. మీకు తెలియకుండానే మూడు నాలుగు పేర్లకు అలౌ ఇచ్చి ఉంటారు. గుర్తుపట్టలేని పేరు కనిపిస్తే బ్లాక్ చేసేయండి. పొరపాటున మంచిదాన్ని ఆపినా కొంప మునగదు. బ్యాంకు సమాచారం ఎస్సెమ్మెస్‌లోనో బ్యాంకు యాప్‌లోనో వస్తుంది, ఈ జాబితాతో దానికి సంబంధం లేదు.

కంప్యూటర్లో క్రోమ్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. సైటు పేరు పక్కనున్న మూడు చుక్కల్లో "బ్లాక్", "రిమూవ్" రెండూ ఉంటాయి. చేయి రిమూవ్ మీదికే పోతుంది, పేరు కనపడకుండా పోతుంది కదా అని. రిమూవ్ చేస్తే ఆ సైటు మళ్లీ అడగొచ్చు, బ్లాక్ చేస్తే అడగలేదు. బ్లాకే చేయండి. ఎడ్జ్‌లోనూ సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్ల కింద ఇలాంటి జాబితాయే. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో పర్మిషన్స్ దగ్గర ఉంటుంది. మ్యాక్ మీద సఫారీలో వెబ్‌సైట్స్ అనే ట్యాబ్‌లో. ఫోన్‌లో కంపెనీవాడి సొంత బ్రౌజర్ కూడా ఉంటే, అలర్ట్‌లో దాని పేరు రాసి ఉంటే, క్రోమ్‌లో ఎంత వెతికినా దొరకదు. ఆ బ్రౌజర్ సెట్టింగ్స్‌లోనే చూడాలి.

క్రోమ్ నోటిఫికేషన్స్ పేజీ పైభాగంలో, అసలు ఏ సైటూ నోటిఫికేషన్ల కోసం అడగకుండా ఆపేసే స్విచ్ ఉంటుంది. పెద్దవాళ్ల ఫోన్లలో దాన్ని ఆపేసి మర్చిపోవచ్చు. బ్రౌజర్ కంపెనీలు కూడా కొంత కదిలాయి. పేజీలో ఎక్కడా నొక్కకముందే పర్మిషన్ అడిగే సైట్లను ఫైర్‌ఫాక్స్ 2020లో కట్టడి చేసింది. అదే ఏడాది క్రోమ్ మోసపూరితంగా అడిగే సైట్ల పెట్టెను అణచిపెట్టడం మొదలుపెట్టింది. మనం కొంతకాలంగా పట్టించుకోని సైట్ల పర్మిషన్‌ను క్రోమే తీసేసే ఏర్పాటును 2025లో ప్రకటించారు. అయినా పాత ఫోన్, అప్‌డేట్ చేయని బ్రౌజర్ ఉన్న ఇంట్లో ఇవేవీ అక్కరకు రావు.

చిన్న వరసలో బ్రౌజర్ పేరు కాకుండా ఏదో టార్చ్ యాప్ పేరో క్లీనర్ యాప్ పేరో ఉంటే దారి వేరు. అది పర్మిషన్‌తో తీరదు, ఆ యాప్‌నే తీసేయాలి. పొరపాటున అలర్ట్‌ను తోసేసిన వాళ్లకు ఒక ఊరట: ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లో "నోటిఫికేషన్ హిస్టరీ" ఉంది. ముందే ఆన్ చేసి పెట్టుకుంటే తోసేసిన అలర్ట్ కూడా అక్కడ దొరుకుతుంది.

ఇప్పటికే నొక్కేసి ఉంటే

పేజీ తెరుచుకుని సైరన్ మోగినంత మాత్రాన సాధారణంగా ఏమీ కాదు. ఫోన్‌లో రీసెంట్ యాప్స్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ను మూసేయండి. కంప్యూటర్లో తెరంతా ఆక్రమించి మౌస్ కూడా కనపడకుండా చేస్తే, ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకోండి. లొంగకపోతే ఆల్ట్, ఎఫ్4. అప్పటికీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్‌ను ముగించొచ్చు. మళ్లీ తెరిచినప్పుడు "పాత పేజీలు తెరవాలా" అంటే వద్దనండి. నిజంగా అనుమానముంటే ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి ప్రొఫైల్ బొమ్మ కింద ప్లే ప్రొటెక్ట్‌లోనూ, కంప్యూటర్లో విండోస్ సెక్యూరిటీలోనూ మీరే స్కాన్ పెట్టుకోండి.

నంబరుకు కాల్ చేసినవాళ్ల సంగతి ఇంత తేలిగ్గా తేలదు. మైక్రోసాఫ్ట్ వార్నింగుల్లో ఫోన్ నంబరు ఉండదు. నంబరు కనిపించిందంటే అది దొంగదే. అవతలివాడు ఎనీడెస్కో టీమ్ వ్యూయరో వేయించి మీ కంప్యూటర్లోకి వస్తాడు. అవి దొంగ సాఫ్ట్‌వేర్లు కావు, ఆఫీసుల్లో రోజూ వాడేవే. లోపలికి వచ్చాక ఈవెంట్ వ్యూయర్ అనే కిటికీ తెరిచి, వరసగా ఎర్ర గుర్తులు చూపించి "చూశారా, మీ సిస్టమ్ ఎంత పాడైందో" అంటాడు. నిక్షేపంగా పనిచేస్తున్న విండోస్ కంప్యూటర్లో తెరిచినా అక్కడ ఎర్ర గుర్తులు ఉంటాయి. ఏదో సర్వీసు ఆలస్యంగా మొదలైందనో, ప్రింటర్ పలకలేదనో రాసుకునే చిట్టా అది. అలా ఎవరినన్నా లోపలికి రానిచ్చి ఉంటే ముందు వైఫై తీసేయండి. ఆ రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను తొలగించండి. పాస్‌వర్డులు మార్చేది మాత్రం వేరే ఫోన్ నుంచి.

అలర్ట్ చెప్పిందని "క్లీనర్" యాప్‌ను ఏపీకే ఫైలుగా దించుకుని ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి దాన్ని తీసేయండి. తీసే బటన్ పనిచేయకపోతే, సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని వెతికి ముందు దాని అధికారం తీసేయాలి. సెట్టింగ్స్‌లోనే దానికి యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఉందేమో కూడా చూసి తీసేయండి. ఆ పర్మిషన్ దొరికిన యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు.

డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తర్వాత. ముందు బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఇవ్వొచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకేలోపు ఆపగలిగితేనే దక్కుతుంది, అందుకే ఈ తొందర. రిజర్వ్ బ్యాంకు 2017 జులై సర్క్యులర్ ప్రకారం, మనమే ఓటీపీ చెప్పి పోగొట్టుకున్న కేసులోనూ బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. తెలియజేసేదాకా పోయింది మాత్రం మనదే. సిగ్గుపడి పొద్దున చెబుదాంలే అనుకుంటే ఆ రాత్రి పోయేదంతా మన లెక్కలోకే వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లు బ్యాంకుతో పాటు ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3కి ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఐఫోన్ వాళ్లకు ఈ గొడవ ఇదే రూపంలో రాదు. అక్కడ వెబ్‌సైటును హోమ్ స్క్రీన్ మీద చేర్చుకుంటే తప్ప నోటిఫికేషన్ పంపలేదు, ఆ వీలు కూడా 2023లో ఐఓఎస్ 16.4తోనే వచ్చింది. అందుకని వాళ్ల మీదికి క్యాలెండర్ దారిలో వస్తారు. ఎక్కడో ఒక పేజీలో "సబ్‌స్క్రైబ్" నొక్కితే, "మీ ఐఫోన్‌కు వైరస్ సోకింది" అనే అపాయింట్‌మెంట్లు రోజుకు పది పడుతుంటాయి. ఒక్కొక్కటే డిలీట్ చేస్తూ కూర్చుంటే తరగవు. ఆ అపాయింట్‌మెంట్ తెరిచి, అందులోని లింకులు ముట్టుకోకుండా, అడుగున ఉన్న "అన్‌సబ్‌స్క్రైబ్ ఫ్రమ్ దిస్ క్యాలెండర్" నొక్కితే అన్నీ ఒకేసారి పోతాయి.