సాఫ్ట్‌వేర్ వివరణ గ్రంథాలు - వాటిని నిర్మించే స్క్రిప్టులు

ప్రోగ్రామును వ్రాయుట ఒక ఎత్తు, దానిని వాడే విధానాన్ని తెలియజెప్పే వివరణ గ్రంథాన్ని వ్రాయుట మరొక ఎత్తు. ప్రోగ్రాము మారి గ్రంథం మారనిచో, నమ్మిన పాఠకుడు దారి తప్పుతాడు. అందుచేత వివరణ మూలప్రతిని ప్రోగ్రాము ప్రక్కనే ఉంచి, ఒక స్క్రిప్టు ద్వారా పుటలుగా తయారు చేసే పద్ధతి ఏర్పడినది. దీనినే బిల్డ్ స్క్రిప్టు అంటారు.

ఇట్టి నిర్మాణానికి దారి చూపినవాడు స్టూవర్ట్ ఫెల్డ్‌మన్. బెల్ పరిశోధనాలయంలో 1976లో ఆయన 'మేక్' అనే ఉపకరణాన్ని రూపొందించాడు. ఆయన సహోద్యోగి ఒకరు, అప్పటికే సరిదిద్దిన తప్పు కోసం ఒక ఉదయమంతా వెదికారట! సవరణ జరిగినది గాని, ప్రోగ్రామును తిరిగి నిర్మించలేదు. మూలం తేదీని, ఫలితం తేదీని పోల్చి, మూలం కొత్తదైనప్పుడే మళ్ళీ తయారు చేయుట మేక్ చేసే పని.

పైథాన్ భాష వివరణ గ్రంథం కోసం పుట్టి, 2008లో వెలువడిన 'స్ఫింక్స్' కూడా మారిన పుటలనే తిరిగి వ్రాస్తుంది. కాలం ఆదా అవుతుంది. కాని కొత్త అధ్యాయం చేర్చినప్పుడు, మారని పుటల ప్రక్కనుండే విషయసూచికలో దాని పేరు కనబడకపోవచ్చును. కనుక ప్రకటనకు ముందు పాత నిల్వను తొలగించి, సమస్తం మళ్ళీ నిర్మించవలెను.

అంతకన్న ముఖ్యమైనది హెచ్చరికల సంగతి. లేని అధ్యాయాన్ని చూడుమని వ్రాసినా, స్ఫింక్స్ ఒక హెచ్చరిక పలికి పని ముగిస్తుంది. పదులకొద్దీ పంక్తుల నడుమ దానిని ఎవరు చదువుతారు? ఆజ్ఞలో పెద్ద 'డబ్ల్యు' గుర్తును చేర్చినచో, హెచ్చరిక దోషంగా పరిగణింపబడి నిర్మాణం విఫలమవుతుంది. మొండితనంగా తోచినా, స్క్రిప్టుకు చేయదగిన మొదటి సంస్కరణ ఇదేనని నా అభిప్రాయం. పాత హెచ్చరికలు వందలలో ఉన్నచోట ముందు వాటిని తీర్చుకొనక తప్పదు.

'డాక్‌టెస్ట్' అనే సదుపాయం గ్రంథంలోని ఉదాహరణలను నిజంగా నడిపి, వచ్చిన ఫలితం వ్రాసిన ఫలితంతో సరిపోలునో లేదో చూస్తుంది. ఉర్దూ పుస్తకాల చివర గలత్‌నామా, తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక చూచి పెరిగిన మనకు ఇది వింతయే. అయితే "ఈ ఆజ్ఞ ఫైలును తొలగించదు" అని వాక్యంలోనే అబద్ధం వ్రాసినచో డాక్‌టెస్ట్ దానిని పట్టుకొనలేదు. అక్కడ చదివే మనిషి కావలెను.

ఇక తేదీ సంగతి. నిర్మించిన వేళను ప్రతి పుటపై ముద్రించే అలవాటు వలన, ఒక్క అక్షరం మారకున్నా పుటలన్నీ మారినట్లు కనబడతాయి. 'సోర్స్ డేట్ ఎపోక్' అనే పేరుతో స్థిరమైన కాలాన్ని స్క్రిప్టులో ముందే ఇచ్చినచో, రెండు ప్రతులను పోల్చినప్పుడు నిజమైన మార్పులే బయటపడతాయి.